తాళం తప్పిన జ్ఞాపకం

పొలంలో పురుగుల మందు కొడుతుండగా విషం ఒంటికెక్కిన మనిషిని ఆసుపత్రికి తెస్తే డాక్టరు ముందు కనుపాపలు చూస్తాడు. అవి బాగా కుంచించుకుపోయి ఉంటాయి. నోట్లోంచి చొంగ, ఒళ్లంతా చెమట, నెమ్మదించిన గుండె, ఊపిరితిత్తుల్లో చేరిన నీరు. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ లాంటి ఆర్గనోఫాస్ఫేట్ మందులు చేసే పని ఇది. వెంటనే నరంలోకి అట్రోపిన్ ఎక్కిస్తారు. ఊపిరితిత్తులు తేలికపడి నాడి పుంజుకునేదాకా మోతాదు పెంచుతూ పోతారు. ఆ మోతాదు అవసరం దాటితే ఇంకో చిక్కు మొదలవుతుంది. నోరు పిడచగట్టుకుపోతుంది, ఒళ్లు కాలిపోతుంది, రోగి దుప్పటి పీకుతూ ఎదురుగా లేనివాళ్లతో మాట్లాడతాడు. తానెక్కడున్నాడో, ఎవరు తీసుకొచ్చారో చెప్పలేడు. ఉమ్మెత్త గింజలు తిన్నవాళ్లలోనూ ఇదే స్థితి కనిపిస్తుంది. ఉమ్మెత్తలోని ముఖ్యమైన విషాలు అట్రోపిన్, దాని దగ్గరి చుట్టం స్కోపొలమైన్.

చొంగనూ చెమటనూ ఆపే మందు మనిషి తెలివినెందుకు తారుమారు చేస్తుంది? మెదడులో అది అడ్డుకుంటున్న రసాయనం అసలు ఏం పని చేస్తోంది? ఈ ప్రశ్నలకు గత యాభై అరవై ఏళ్లలో దొరికిన జవాబుల్లో చాలా భాగం ఎలుకల మెదడు నుంచి వచ్చింది. వాటన్నిటిలోంచి తేలే విషయం ఒకటుంది. ఆ రసాయనం మెదడుకు ఎంత అందిందన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు అందిందన్నదీ అంతే ముఖ్యం. ఇక్కడ 'ఎప్పుడు' అంటే ఒకోసారి పగలా రాత్రా అని, ఒకోసారి సెకనులో ఎన్నో వంతులో అని.

కప్ప గుండె నుంచి మెదడు దాకా

1921లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఆటో లోవీ రెండు కప్ప గుండెలను ఉప్పునీటి ద్రావణంలో కొట్టుకోనిచ్చాడు. మొదటి గుండెకు అంటిపెట్టుకుని ఉన్న వేగస్ నరాన్ని విద్యుత్తుతో ప్రేరేపించగానే ఆ గుండె నెమ్మదించింది. దాని ద్రావణాన్ని తీసి రెండో గుండెకు పెడితే, నరం ప్రేరణ ఏమీ లేకుండానే అదీ నెమ్మదించింది. నరం చివర ఊరిన ఏదో రసాయనం కబురు మోస్తోందని దాంతో తేలింది. తర్వాతి పరిశోధనలు ఆ రసాయనం ఎసిటైల్‌కోలిన్ అని నిర్ధారించాయి. దాని మీద అంతకు ముందునుంచే పనిచేస్తున్న హెన్రీ డేల్‌తో కలిపి లోవీకి 1936లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఎసిటైల్‌కోలిన్‌ను అందుకునే గ్రాహకాలు రెండు జాతులు. పొగాకులోని నికోటిన్‌కు కూడా స్పందించేవి నికోటినిక్ గ్రాహకాలు. కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే మస్కరిన్ అనే విషానికి స్పందించేవి మస్కారినిక్ గ్రాహకాలు. అట్రోపిన్, స్కోపొలమైన్ ఈ రెండో జాతి గ్రాహకాల మీద చేరి ఎసిటైల్‌కోలిన్‌కు చోటు లేకుండా చేస్తాయి. కార్బకాల్ లాంటివి దీనికి తలకిందులు. అవి ఎసిటైల్‌కోలిన్ చేసే పనే చేస్తాయి. మూడో దారి ఇంకోటుంది. పని ముగిసిన ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఆపేస్తే, ఉన్న ఎసిటైల్‌కోలినే పేరుకుపోతుంది. ఆర్గనోఫాస్ఫేట్ పురుగుల మందులు ప్రాణం తీసేది ఇలాగే. ఫైసోస్టిగ్మిన్, డోనెపెజిల్ లాంటి మందులు ఇదే పనిని వైద్యానికి పనికొచ్చే మేరకు చేస్తాయి. అడ్డుకునేవి, అనుకరించేవి, పేరుకునేలా చేసేవి – ఎలుక మెదడును చదివేవాళ్ల చేతిలో ఉన్న కోలినర్జిక్ మందులు ఈ మూడు రకాలు.

మెదడు మొత్తం మీద చూస్తే ఎసిటైల్‌కోలిన్ తయారుచేసే నాడీకణాలు తక్కువ. వాటిలో ముఖ్యమైనవి మెదడు ముందు భాగంలో అడుగున చిన్న చిన్న గుంపులుగా ఉంటాయి. ఒక గుంపు పేరు మీడియల్ సెప్టమ్. దాని తంతువులు హిప్పోక్యాంపస్‌కు వెళతాయి. ఎక్కడెక్కడ తిరిగామో, ఏం జరిగిందో కొత్తగా గుర్తుపెట్టుకోవడానికి మనిషికీ ఎలుకకూ కూడా కావలసిన భాగం హిప్పోక్యాంపసే.

ఎలుక కదిలితే తీటా

ఎలుక హిప్పోక్యాంపస్‌లోకి వెంట్రుక మందం తీగ దించి, అక్కడి విద్యుత్ మార్పులను గీతగా గీయిస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. ఎలుక కదలకుండా కూర్చున్నంతసేపూ గీత ఎగుడుదిగుడుగా, ఒక క్రమం లేకుండా సాగుతుంది. ఎలుక లేచి నడవగానే అదే గీత నున్నటి అలలుగా మారిపోతుంది. సెకనుకు ఆరు నుంచి పది అలలు. వీటి పేరు తీటా లయ. కుందేలు హిప్పోక్యాంపస్‌లో ఇలాంటి అలలను 1938లోనే జర్మనీలో యుంగ్, కోర్న్‌ముల్లర్ చూశారు. 1954లో గ్రీన్, అర్దుయినీ వాటిని వివరంగా వర్ణించి, జంతువు దేన్నైనా అప్రమత్తంగా గమనించడానికి అవి గుర్తు అనుకున్నారు.

ఎలుక ఏం చేస్తున్నప్పుడు ఈ లయ వస్తోందో ఓపిగ్గా పట్టిక వేసినవాడు కెనడాలోని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో పనిచేసిన కేస్ వాండర్‌వుల్ఫ్. నడక, పరుగు, ఈత, గెంతు – వీటన్నిటిలో తీటా ఉంది. నీళ్లు నాకేటప్పుడు, నమిలేటప్పుడు, ముఖం తుడుచుకునేటప్పుడు లేదు. అలవాటుగా జరిగిపోయే పనులకూ చోటు మారే కదలికలకూ మధ్య ఉన్న ఈ తేడాను ఆయన 1969లో ప్రకటించాడు. కలలొచ్చే నిద్రలో, శరీరం కదలకుండా ఉన్నా తీటా మళ్లీ ప్రత్యక్షమవుతుంది.

తర్వాత అట్రోపిన్ రంగంలోకి వచ్చింది. 1975లో క్రామిస్, వాండర్‌వుల్ఫ్, బ్లాండ్ ఎలుకలకూ కుందేళ్లకూ దాన్ని ఇచ్చి చూశారు. పెద్ద మోతాదులో ఇచ్చినా, నడుస్తున్న ఎలుకలో తీటా చెక్కుచెదరలేదు. కదలకుండా ఉన్నప్పుడో, యూరిథేన్ లాంటి మత్తుమందులోనో కనిపించే కాస్త నెమ్మదైన తీటా మాత్రం పూర్తిగా మాయమైంది. గీత మీద దాదాపు ఒకేలా కనిపించే లయ నిజానికి రెండు. ఒకటి ఎసిటైల్‌కోలిన్ లేకపోతే పుట్టదు. రెండోది దాని మీద ఆధారపడకుండానే నడుస్తుంది. కంటికి పెద్దగా తేడా తెలియని రెండింటిని వేరుచేసి చూపింది ఆ మందు.

ఆ లయ ఎక్కడి నుంచి పుడుతోందన్న ప్రశ్నకు జవాబు సెప్టమ్ వైపు చూపించింది. 1962లో వియన్నాకు చెందిన పెట్షె బృందం, సెప్టమ్‌లోని కణాలు తీటా వేగంతోనే విడతలు విడతలుగా పేలుతున్నాయని కుందేళ్లలో చూపింది. సెప్టమ్‌ను దెబ్బతీస్తే హిప్పోక్యాంపస్‌లో తీటా పోతుంది. 1978లో జొనాథన్ విన్సన్ చేసిన ప్రయోగంలో అలా తీటా పోగొట్టుకున్న ఎలుకలు అంతకుముందు నేర్చుకున్న చోటును గుర్తుపట్టలేకపోయాయి.

మరి సెప్టమ్‌లో ఎసిటైల్‌కోలిన్ కణాలే ఆ లయను కొడుతున్నాయా? అక్కడ ఇంకో రకం కణాలూ ఉన్నాయి. అవి గాబా అనే నిరోధక రసాయనాన్ని వదులుతాయి. 1988లో ఫ్రాయిండ్, అంటాల్ వాటి తంతువులను అనుసరించి వెళితే, అవి హిప్పోక్యాంపస్‌లోని నిరోధక కణాల మీదే వాలుతున్నాయని తేలింది. 1994లో బుజాకి బృందం ఎలుకల సెప్టమ్‌లో ఎసిటైల్‌కోలిన్ కణాలను మాత్రమే ఏరి చంపే విషాన్ని ప్రయోగించింది. తీటా ఆగలేదు, వేగమూ మారలేదు. అలల ఎత్తు మాత్రం బాగా తగ్గింది. అంటే ఎంత వేగంగా కొట్టాలన్నది ప్రధానంగా గాబా కణాల పని. ఆ లయలోకి హిప్పోక్యాంపస్ కణాలు ఎంత గట్టిగా చేరతాయన్నది ఎసిటైల్‌కోలిన్ చేతిలో ఉంది.

కణం లోపల జరిగే మార్పు

ఎసిటైల్‌కోలిన్ ఒక కణాన్ని చేరితే ఏమవుతుంది? గ్లుటమేట్ లాంటి రసాయనం తగిలితే కణం వెయ్యో వంతు సెకన్లలో ఉత్తేజపడి మళ్లీ మామూలైపోతుంది. మస్కారినిక్ గ్రాహకాల దారి అంత తొందరది కాదు. అవి కణం లోపల రసాయన చర్యల గొలుసును కదిలించి, దాని స్వభావాన్నే కాసేపు మార్చేస్తాయి.

నాడీకణం పొరలో కొన్ని పొటాషియం ద్వారాలు ఉంటాయి. కణం పేలడానికి సిద్ధమవుతుంటే ఇవి నెమ్మదిగా తెరుచుకుని పొటాషియాన్ని బయటికి వదిలి, కణాన్ని శాంతపరుస్తాయి. 1980లో డేవిడ్ బ్రౌన్, పాల్ ఆడమ్స్ కప్ప నాడీకణాల్లో ఈ ప్రవాహాన్ని కనిపెట్టి, మస్కరిన్ తగిలితే అది ఆగిపోతోందని చూపారు. అందుకే దానికి ఎం-ప్రవాహం అని పేరు. హిప్పోక్యాంపస్ కణాల్లోనూ అది ఉంది. ఎసిటైల్‌కోలిన్ వచ్చి ఈ ద్వారాలను మూసేస్తే కణం పేలుడు గీతకు దగ్గరగా వచ్చి నిలబడుతుంది. మామూలుగా ఒకసారి పేలి ఆగిపోయే కణం, చిన్న ప్రేరణకు కూడా వరసగా పేలుతూ పోతుంది.

అదే సమయంలో ఎసిటైల్‌కోలిన్ ఇంకో పని చేస్తుంది, అది మొదటి పనికి పూర్తిగా భిన్నం. కొన్ని తంతువుల చివర్లలో గ్లుటమేట్ విడుదలను తగ్గిస్తుంది. ఒకవైపు కణాన్ని ఉసిగొల్పుతూ, మరోవైపు దానికొచ్చే కబుర్లలో కొన్నిటిని తొక్కిపెడుతుంది. ఏ కబుర్లను తొక్కుతుంది, ఏవి వదిలేస్తుంది అన్నదాంట్లోనే అసలు సంగతి ఉంది. దానికి ముందు ఒక లయలో కణం ఏ క్షణంలో పేలుతోందో చూడాలి.

అలలో ఏ చోట?

1971లో లండన్‌లో జాన్ ఓకీఫ్, జొనాథన్ దోస్త్రోవ్‌స్కీ ఎలుక హిప్పోక్యాంపస్‌లో ఒక వింత కణాన్ని పట్టుకున్నారు. ఎలుక ఒక ప్రత్యేకమైన చోటికి వెళితేనే అది పేలుతుంది. మరో కణానికి మరో చోటు. ఇలా 'చోటు కణాలు' అన్నీ కలిసి ఆ గది పటాన్ని తమలో పెట్టుకుంటాయి. 1993లో ఓకీఫ్, మైకేల్ రెస్ ఇంకో సంగతి గమనించారు. ఒక చోటు కణం తన పరిధిలోకి ఎలుక అడుగుపెట్టినప్పుడు తీటా అల చివరి భాగంలో పేలుతుంది. ఎలుక ముందుకు సాగినకొద్దీ ప్రతి అలలోనూ ఇంకాస్త ముందుగా పేలుతూ వస్తుంది.

కోలాటంలో అందరి కర్రలూ తాళానికి పడుతుంటే ఒక్కడు మాత్రం కొంచెం తొందరగా ఆడుతున్నాడనుకుందాం. మొదటి ఆవర్తంలో అతని కర్ర తాళం ముగిసేచోట మోగుతుంది, తర్వాతి దాంట్లో దానికి కాస్త ముందు, ఆ తర్వాత ఇంకా ముందు. అతని కర్ర మోగిన చోటును బట్టి అతను ఎన్నో ఆవర్తంలో ఉన్నాడో చెప్పేయవచ్చు. చోటు కణం విషయమూ అంతే. ఎన్నిసార్లు పేలిందన్నదే చూస్తే ఎలుక ఆ పరిధిలో ఉందని మాత్రమే తెలుస్తుంది. అలలో ఎక్కడ పేలిందో కూడా చూస్తే, పరిధిలోకి ఇప్పుడే వచ్చిందా, మధ్యలో ఉందా, దాటిపోతోందా అన్నది కూడా తెలుస్తుంది.

ఇలా వేర్వేరు పరిధుల కణాలన్నీ ఒక్క అలలో వరసగా పేలుతాయి. ఎలుక ఇప్పుడే దాటిన చోటు, ఉన్న చోటు, చేరబోయే చోటు – నడవడానికి సెకన్లు పట్టే దారి సుమారు 125 మిల్లీసెకన్ల అలలోకి కుదించుకుపోతుంది. పక్కపక్క పరిధుల కణాల మధ్య బంధాలు బలపడటానికి కావలసింది సరిగ్గా ఇంత దగ్గరి సమయమే. లయ లేకపోతే ఈ కుదింపు ఉండదు.

పాతదీ కొత్తదీ ఢీకొంటే

చోటు కణాలు ఎక్కువగా ఉండే హిప్పోక్యాంపస్ భాగం సీఏ1. దానికి రెండు దారుల్లో కబుర్లు అందుతాయి. ఎంటోరైనల్ కార్టెక్స్ అనే మెదడు భాగం నుంచి వచ్చేవి ఇప్పుడు కళ్ల ముందున్నదాన్ని చెబుతాయి. పక్కనే ఉన్న సీఏ3 నుంచి వచ్చేవి అంతకుముందు నిలవచేసుకున్నదాన్ని గుర్తుచేస్తాయి. రెండూ ఒకేసారి వచ్చిపడితే ఏమవుతుంది? నిన్నటిదాకా ఎడమవైపున్న తిండిని ఇవాళ కుడివైపుకు మార్చారనుకుందాం. కొత్త సంగతి నేర్చుకుంటున్న క్షణంలోనే 'ఎడమ' అన్న పాత జ్ఞాపకం కూడా గట్టిగా మోగితే, ఆ పాత బంధమే మళ్లీ బలపడుతుంది. కొత్తది నేర్చుకునే ప్రతిసారీ పాతది దాన్ని పాడుచేస్తుంది.

బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ హాసెల్మో దశాబ్దాలుగా ఈ చిక్కు మీదే పనిచేస్తున్నాడు. ఎలుక మెదడు ముక్కల మీద ఆయన 1994లో ఎరిక్ ష్నెల్‌తో కలిసి చేసిన ప్రయోగాల్లో, ఎసిటైల్‌కోలిన్‌ను అనుకరించే మందు సీఏ3 నుంచి వచ్చే కబుర్లను గట్టిగా అణచింది. ఎంటోరైనల్ దారి మీద దాని ఒత్తిడి తక్కువ. అంటే ఎసిటైల్‌కోలిన్ ఎక్కువగా ఉన్న మెదడు లోకాన్ని వింటుంది, తన పాత జ్ఞాపకాలను కాస్త పక్కన పెడుతుంది.

కానీ మస్కారినిక్ గ్రాహకాల ద్వారా ఎసిటైల్‌కోలిన్ ఏ మార్పు తేవాలన్నా సెకన్లు పడుతుంది. దారి వెతుక్కుంటున్న ఎలుకకు ఒకవైపు చూస్తూ ఇంకోవైపు గుర్తుచేసుకోవడం కూడా కావాలి. దీనికి హాసెల్మో, ఆయన సహచరులు 2002లో ప్రతిపాదించిన నమూనా తీటాను ఉపయోగించుకుంది. ప్రతి తీటా అలలోనూ రెండు సగాలు ఉంటాయని వాళ్లన్నారు. ఒక సగంలో ఎంటోరైనల్ దారి బలంగా ఉంటుంది, బంధాలు బలపడే వీలూ అప్పుడే ఎక్కువ. అది నమోదు చేసుకునే సగం. రెండో సగంలో సీఏ3 దారి బలంగా ఉంటుంది, బంధాలు మాత్రం బలపడవు. అది గుర్తుచేసుకునే సగం. ఒక సెకనులో మెదడు ఎనిమిదిసార్లు వింటుంది, ఎనిమిదిసార్లు తలచుకుంటుంది.

దీనికి ఆధారాలు అప్పటికే ఉన్నాయి. 1990లలో పాట్రిసియో ఉయెర్తా, జాన్ లిస్‌మన్ హిప్పోక్యాంపస్ ముక్కలకు కార్బకాల్ పెట్టి తీటా లాంటి లయను పుట్టించారు. ఆ లయలో శిఖరం దగ్గర ఒక్క విడత ప్రేరణ ఇస్తే బంధం బలపడింది. లోయ దగ్గర సరిగ్గా అదే ప్రేరణ ఇస్తే బలహీనపడింది. 1997లో హోల్షర్, అన్విల్, రోవన్ బతికున్న ఎలుకల్లోనూ ఇదే ధోరణి చూశారు. ప్రేరణ అదే, దారీ అదే. ఫలితం మాత్రం అది పడిన క్షణాన్ని బట్టి తిరగబడింది.

కొత్త గదిలో స్కోపొలమైన్

నమూనా నిజమైతే ఒక అంచనా కట్టవచ్చు. ఎలుకను తెలియని చోట వదిలితే మెదడు నమోదు వైపు మొగ్గాలి. అప్పుడు చోటు కణాలు పేలే క్షణం అలలో నమోదు సగం వైపు జరగాలి. ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకుంటే ఆ జరుగుడు చెడిపోవాలి. 2013లో విన్సెంట్ దూషాం, కాలిన్ లీవర్, నీల్ బర్జెస్, వారి సహచరులు బ్రిటన్‌లో ఈ లెక్కను ఎలుకల్లో పరీక్షించారు.

ఎలుకలు అలవాటైన చోట తిరుగుతుండగా సీఏ1 చోటు కణాలు తీటా అలలో సగటున ఏ దశలో పేలుతున్నాయో కొలిచారు. తర్వాత కొత్త చోటికి మార్చి మళ్లీ కొలిచారు. మందు లేని ఎలుకల్లో పేలే క్షణం అలలో కొంచెం వెనక్కు, నమూనా చెప్పిన నమోదు దశ వైపు జరిగింది. స్కోపొలమైన్ ఇచ్చిన ఎలుకల్లో ఆ సర్దుబాటు దెబ్బతింది. ఉమ్మెత్త విషం కొత్తదాన్ని గుర్తుంచుకోనివ్వదని డాక్టర్లకు ఎప్పటినుంచో తెలుసు. ఇక్కడ దాని వెనకున్న కారణాల్లో ఒకటి కణాల స్థాయిలో, అలలో దశల లెక్కలో కనిపించింది.

ఇలాంటి ప్రయోగాలకు ఒక జాగ్రత్త కావాలి. స్కోపొలమైన్ నోరు ఎండబెడుతుంది, చూపు మసకబారుస్తుంది. ఎలుక తడబాటుకు కారణం అదేనేమో అన్న అనుమానం రావచ్చు. అందుకే మిథైల్‌స్కోపొలమైన్ అనే రూపాన్ని కూడా వాడి పోల్చి చూస్తుంటారు. అది శరీరంలో అదే పని చేస్తుంది గానీ, రక్తం నుంచి మెదడులోకి దాదాపు చొరబడలేదు. రెండింటి ఫలితాల మధ్య తేడా వస్తే దాని మూలం మెదడులోనే ఉందని చెప్పవచ్చు.

ఎంటోరైనల్ కార్టెక్స్ కథ ఇంకొంచెం చిక్కు. 2005లో నార్వేలోని ట్రోన్‌డ్‌హైమ్‌లో మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ల ప్రయోగశాల అక్కడ 'గ్రిడ్ కణాల'ను కనిపెట్టింది. ఎలుక తిరిగే నేల మీద సమాన దూరాల్లో, త్రికోణాల వరసలుగా ఉన్న చోట్లన్నిటిలోనూ ఒకే గ్రిడ్ కణం పేలుతుంది. ఓకీఫ్‌తో కలిపి మోసర్లకు 2014లో నోబెల్ వచ్చింది. 2011లో రెండు అమెరికన్ బృందాలు మీడియల్ సెప్టమ్‌ను మందుతో కాసేపు నిద్రపుచ్చాయి. తీటా పడిపోయింది, దానితోపాటు గ్రిడ్ కణాల త్రికోణాల వరసా చెదిరింది. సెప్టమ్ తేరుకున్నాక వరస మళ్లీ వచ్చింది. చోటు కణాలు మాత్రం అంతగా చెడలేదు. 2014లో హాసెల్మో ప్రయోగశాల స్కోపొలమైన్‌తోనూ గ్రిడ్ కణాల పొందిక తగ్గుతుందని చూపింది. మందు ఎక్కిన ఎలుకల్లో, పరుగు వేగం పెరిగితే తీటా వేగమూ పెరగాల్సిన సంబంధం సడలిందని అదే బృందం అంతకుముందే రాసింది.

ఇవన్నీ చూసి తీటా లేకపోతే గ్రిడ్ ఉండదని తీర్పు చెప్పేయవచ్చా? 2011లోనే ఇజ్రాయెల్‌లో మైకేల్ యార్త్సేవ్, నాకుమ్ ఉలనోవ్‌స్కీ దీనికి అడ్డం వచ్చారు. పండ్లు తినే గబ్బిలాల్లో గ్రిడ్ కణాలు చక్కగా పనిచేస్తున్నాయి, ఎడతెగని తీటా లయ మాత్రం వాటిలో లేదు. మనుషుల హిప్పోక్యాంపస్‌లోనూ తీటా ఎలుకల్లోలా నిరంతరాయంగా నడవదు. మూర్ఛ చికిత్స కోసం మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చుకున్నవాళ్లలో కొలిస్తే, అది నెమ్మదిగా, విడతలు విడతలుగా వచ్చిపోతుంది. కాబట్టి ఎలుక తీటా అన్ని జంతువులకూ ఒకే అచ్చు కాదు. పాతకొత్తలు ఢీకొనకుండా వేళలు పంచుకోవాల్సిన అవసరం అందరికీ ఉంది. ఎలుక దాన్ని తీర్చుకునే పద్ధతి మనకు వివరంగా తెలిసింది.

నిద్రలో లెక్క తిరగబడుతుంది

పగటి లెక్క ఇలా ఉంటే, గాఢనిద్రలో మెదడు ఎసిటైల్‌కోలిన్‌ను బాగా తగ్గించుకుంటుంది. అప్పుడు సీఏ3 మీద ఉన్న పట్టు సడలుతుంది. హిప్పోక్యాంపస్‌లో తీటాకు బదులు, క్షణికంగా మెరిసే వేగమైన అలలు వస్తాయి. సెకనుకు 140 నుంచి 200 కంపనాలుండే ఈ అలలను రిపుల్స్ అంటారు. 1994లో మాథ్యూ విల్సన్, బ్రూస్ మెక్‌నాటన్ ఒక సంగతి బయటపెట్టారు. పగలు ఎలుక నడిచినప్పుడు కలిసి పేలిన చోటు కణాలే, ఆ తర్వాతి గాఢనిద్రలో మళ్లీ కలిసి పేలుతున్నాయి. పగటి అనుభవాన్ని హిప్పోక్యాంపస్ మళ్లీ మళ్లీ నడిపించి మెదడు పైపొరకు అందిస్తుందని ఇప్పుడు చాలామంది భావిస్తున్నారు.

ఈ సమయంలో ఎసిటైల్‌కోలిన్ పెంచితే? 2014లో చిట్టెలుకల్లో, సెప్టమ్‌లోని ఎసిటైల్‌కోలిన్ కణాలను మాత్రమే కాంతితో మేల్కొలిపి చూశారు. రిపుల్స్ అణిగిపోయాయి. పదేళ్ల ముందు, 2004లో, జర్మనీలో స్టెఫెన్ గైస్, యాన్ బోర్న్ ఇదే ప్రశ్నను మనుషులకు వేశారు. రాత్రి పదాల జతలు నేర్చుకుని నిద్రపోయిన వాళ్లకు గాఢనిద్రలో ఫైసోస్టిగ్మిన్ ఎక్కించారు. ఎసిటైల్‌కోలిన్ పెరిగింది, పొద్దున్నకల్లా ఆ జతల జ్ఞాపకం మాత్రం మామూలు నిద్రలో బలపడినట్టు బలపడలేదు. మెలకువలో నేర్చుకోవడానికి పనికొచ్చే రసాయనమే నిద్రలో నిలవచేసుకోవడానికి అడ్డమైంది.

మాత్ర చేయగలిగింది

1976లో బ్రిటన్‌లో పీటర్ డేవిస్, ఎ.జె.ఎఫ్. మలోనీ అల్జీమర్స్‌తో చనిపోయినవాళ్ల మెదడులో ఎసిటైల్‌కోలిన్‌ను తయారుచేసే ఎంజైము బాగా తగ్గిపోయిందని చూపారు. అంతకు రెండేళ్ల ముందే డేవిడ్ డ్రాక్‌మన్, జానెట్ లెవిట్ ఆరోగ్యంగా ఉన్న యువకులకు స్కోపొలమైన్ ఇస్తే, వాళ్ల జ్ఞాపకశక్తి తగ్గే తీరు ముసలివాళ్లలో చూసే తీరును పోలి ఉందని ప్రకటించారు. రెండూ కలిపి చూస్తే దారి సూటిగా తోచింది – ఎసిటైల్‌కోలిన్ పెంచితే చాలు. ఆ ఆలోచన నుంచే డోనెపెజిల్ పుట్టింది. 1996లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. ఇవాళ మన ఊళ్ల మందుల షాపుల్లోనూ దొరుకుతుంది.

డోనెపెజిల్ కొందరికి కొంతకాలం మేలు చేస్తుంది, జబ్బును ఆపలేదు. ముఖ్య కారణం, అల్జీమర్స్‌లో చచ్చిపోయేవి ఎసిటైల్‌కోలిన్ కణాలు ఒక్కటే కాకపోవడం. ఎలుకల ప్రయోగాలను దృష్టిలో పెట్టుకుంటే ఇంకో పరిమితీ కనిపిస్తుంది. శరీరంలో డోనెపెజిల్ సగానికి తగ్గడానికి దాదాపు 70 గంటలు పడుతుంది. రోజూ వేసుకుంటే దాని స్థాయి రాత్రింబగళ్లు ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మెదడు కొత్తది ఎదురైనప్పుడు పెంచి, గాఢనిద్రలో తగ్గించి నడిపే రసాయనాన్ని మాత్ర ఎప్పుడూ ఒకే మట్టంలో ఎత్తి ఉంచుతుంది. పోయిన పరిమాణాన్ని కొంత పూడుస్తుంది గానీ, పోయిన వేళలను తిరిగి తేలేదు.

కొత్త మందులు ఏ గ్రాహకం, ఏ చోట అన్న విషయంలో జాగ్రత్తపడుతున్నాయి. 2024లో స్కిజోఫ్రీనియాకు అమెరికాలో అనుమతి పొందిన మందులో రెండు భాగాలున్నాయి. జానోమెలిన్ మెదడులోకి వెళ్లి కొన్ని మస్కారినిక్ గ్రాహకాలను మేల్కొలుపుతుంది. మెదడులోకి పెద్దగా వెళ్లలేని ట్రోస్పియం శరీరంలో మిగతాచోట్ల వాటిని అడ్డుకుంటుంది. మిథైల్‌స్కోపొలమైన్‌తో ప్రయోగశాలలో చేసిన పనిలోని సూత్రమే ఇక్కడ వైద్యంలో వాడారు.

ఈ విజ్ఞానంలో ఇంట్లో వెంటనే పనికొచ్చే భాగం ఒకటుంది. ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకునే గుణం చాలా మామూలు మందుల్లో ఉంది. జలుబుకూ దురదకూ వాడే క్లోర్‌ఫెనిరమైన్, ప్రోమెథజైన్. నరాల నొప్పికీ నిద్రకూ రాసే అమిట్రిప్టిలిన్. వణుకుకు వాడే ట్రైహెక్సిఫెనిడిల్. మూత్రం ఆపుకోలేనివాళ్లకు ఇచ్చే ఆక్సిబ్యుటినిన్. పడుచు మెదడు వీటిని చాలావరకు తట్టుకుంటుంది. ఎసిటైల్‌కోలిన్ అప్పటికే తగ్గిన డెబ్బయి, ఎనభై ఏళ్ల మెదడులో ఇవి మతిమరుపునూ అయోమయాన్నీ పెంచగలవు. ఒక డాక్టరు మతిమరుపుకు డోనెపెజిల్ రాస్తే, దాని దుష్ప్రభావంగా మూత్రం ఆగక, ఇంకో డాక్టరు ఆక్సిబ్యుటినిన్ రాయడం వైద్య సాహిత్యంలో బాగా తెలిసిన పొరపాటు. ఒకటి పెంచే రసాయనాన్ని రెండోది అడ్డుకుంటుంది, ముసలాయన రెండూ మింగుతుంటాడు. ఇంట్లో పెద్దవాళ్లకు ఉన్నట్టుండి మతి తప్పుతోందనిపిస్తే, వాడుతున్న మందులను సొంతంగా ఆపకుండా, అన్ని చీటీలనూ, షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలతో సహా, ఒకే డాక్టరు ముందు పెట్టాలి. వయసు వల్ల వచ్చిందనుకున్న మతిమరుపులో ఎంత భాగం ఆ మాత్రల వల్ల వచ్చిందో ఆయన తేల్చి చెబుతాడు, ఆ భాగం మాత్రం చాలాసార్లు తగ్గుతుంది.